ఇంటి పచ్చళ్ళ బ్రాండుకు ట్రేడ్‌మార్క్ కావాలా? కావాలి, కానీ ముందు పేరు చూసుకోండి

రెండేళ్లుగా ఇంట్లో పచ్చళ్ళు, పొడులు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నామని, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జీఎస్టీ ఉన్నాయని రాశారు. పేరుకు విడిగా ట్రేడ్‌మార్క్ అవసరమా, ఏజెంటు అడిగే 12,000 న్యాయమేనా అన్నది మీ ప్రశ్న.

అవసరమే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తిండి పదార్థాలు అమ్ముకోవడానికి అనుమతి, జీఎస్టీ పన్ను లెక్క. పేరు మీద హక్కు ఆ రెండిట్లో దేనివల్లా రాదు. ఇది నాకు డబ్బు పోయాక తెలిసింది.

2018లో మా అమ్మ చేతి కందిపొడి, ఆవకాయతో రాజమండ్రిలో మొదలుపెట్టాం. పేరు కోసం పెద్దగా ఆలోచించలేదు. మా ఊరి పేరు, దాని పక్కన ‘రుచులు’, అంతే. 2022లో ఆ పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వేయమని ఒక ఏజెంటుకు డబ్బు కట్టాను. పాన్, ఆధార్, సంతకం తీసుకున్నాడు, ఇంకేమీ అడగలేదు. కొన్నాళ్లకు ఎగ్జామినేషన్ రిపోర్టులో, అంటే దరఖాస్తు పరిశీలించి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ పంపే రిపోర్టులో, ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కింద అబ్జెక్షన్ వచ్చింది. ఊరి పేరు ఎవరైనా వాడుకునేదే, ‘రుచులు’ అన్నది సరుకు ఏమిటో చెప్పే మాట, రెండూ కలిపినా మీ సరుకును పక్కవాళ్ల సరుకు నుంచి వేరు చేసి చూపించదు అని దాని సారాంశం. జవాబుకు 30 రోజులే గడువు. మెయిల్ ఏజెంటుకు వెళ్లింది, ఆయన జవాబివ్వలేదు, నాకు చెప్పనూ లేదు. ఏడాది చివర్లో నేనే రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నంబరు కొట్టి చూస్తే స్టేటస్ ‘అబాండన్డ్’ అని ఉంది, అంటే దరఖాస్తు వదిలేసినట్టు లెక్క. కట్టిన ఫీజు తిరిగి రాదు.

చాలా రోజులు ఆయన్ని తిట్టుకున్నాను. నిజానికి జవాబిచ్చి ఉన్నా ఆ పేరు నిలబడేది అనుమానమే. వినగానే పచ్చడి అని తెలిసిపోయే పేరు అమ్మకానికి బాగుంటుంది, రిజిస్ట్రేషన్‌లో మాత్రం చిక్కు. మీ బ్రాండు పేరు రాయలేదు గానీ, అందులో ‘హోమ్ ఫుడ్స్’, ‘పల్లె’, ‘గోదావరి’ లాంటి మాటలు తప్ప ఇంకేమీ లేకపోతే ఇప్పుడే మార్చుకోండి. మేము రెండోసారి అమ్మమ్మను ఇంట్లో పిలిచే ముద్దుపేరు పెట్టుకున్నాం. ఊరి పేరుతోనే ప్రసిద్ధమైన సరుకైతే మరీ జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు భౌగోళిక గుర్తింపు ఉన్నవి. ఆ పేర్లు ఏ ఒక్కరి సొంతమూ కావు.

పేరు అనుకున్నాక ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి, ఉచితమే. ఒక్క స్పెల్లింగుతో ఆగొద్దు. మన పేర్లను ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాస్తాం, వినడానికి దగ్గరగా ఉన్నా సెక్షన్ 11 కింద అడ్డు చెబుతారు. అలాగని అదే పేరు వేరే సరుకుకు కనపడగానే నీరుగారిపోనక్కర్లేదు. కర్ణాటక పాల సమాఖ్య పాలు ‘నందిని’ పేరుతోనే వస్తాయి. బెంగళూరులో ‘నందిని డీలక్స్’ హోటళ్లవాళ్లు ఆ పేరుకు దరఖాస్తు వేస్తే సమాఖ్య అడ్డుపడింది. 2018లో సుప్రీంకోర్టు హోటళ్లవాళ్లకే అనుకూలంగా చెప్పింది, పాలు, పాల పదార్థాలకు మాత్రం ఆ రిజిస్ట్రేషన్ వర్తించకూడదంది.

ఇక డబ్బు. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ప్రభుత్వ ఫీజు 4,500. సంస్థ పేరు మీద వేస్తే చిన్న సంస్థ అని చూపే ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేయాలి, లేదంటే 9,000 అవుతుంది. ఇది ఒక్కో క్లాసుకు, అంటే సరుకుల ఒక్కో వర్గానికి. పచ్చళ్ళు సాధారణంగా 29వ క్లాసు, కారాలు, మసాలా పొడులు 30వది. మీకు రెండూ కావాలి కాబట్టి 9,000 ఫీజుకే పోతుంది. రెండిటికీ కలిపి 12,000 అంటే న్యాయమే. ఒక్క క్లాసుకే అంత అంటే బేరమాడండి.

ఏజెంట్లు తొందరలో చేసే ఒక పని గమనించండి. ఎప్పటినుంచి వాడుతున్నారు అన్నచోట ‘ఇకమీదట వాడబోతున్నాం’ అని పెట్టేస్తారు, అఫిడవిట్ పని తప్పుతుందని. మీరు రెండేళ్లుగా అమ్ముతున్నారు కదా, ఆ తేదీ వదులుకోకండి. మన చట్టంలో ముందు దరఖాస్తు వేసినవాళ్లకన్నా, ముందునుంచీ ఆపకుండా వాడుతున్నవాళ్లకే బలం ఎక్కువ. మొదటి బిల్లు, లేబుళ్లు అచ్చు వేయించిన రసీదు, కొరియర్ రసీదులు, పేజీలో తొలి పోస్టుల స్క్రీన్‌షాట్లు అన్నీ ఒకచోట పెట్టండి. నేను పాత లేబుల్ రసీదు కోసం అటక మీది డబ్బాలన్నీ దింపాల్సొచ్చింది.

పేరును బొమ్మతో కలిపి లోగోగా వేస్తే సులువుగా పాసవుతుందని ఏజెంట్లు అంటారు, అది కొంత నిజమే. కానీ రేపు ఎవరైనా బొమ్మ మార్చి అదే మాట వాడితే వాదన కష్టమవుతుంది. పేరు గట్టిదైతే అక్షరాలకే, అంటే వర్డ్ మార్క్‌గా వేయించండి.

మా రెండో దరఖాస్తు 2023 ఫిబ్రవరిలో వేశాం. తెలుగు రాష్ట్రాలవి చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి గానీ వెళ్లే పని పడలేదు, హియరింగ్ వీడియో కాల్‌లోనే అయింది. ఆమోదించాక రిజిస్ట్రీ వాళ్ల ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వేస్తారు, నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే సర్టిఫికెట్. మాకు 2024 చివర్లో వచ్చింది. దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు చెల్లుతుంది. ఈలోగా లేబుల్ మీద టీఎం అని వేసుకోవచ్చు. సున్నలో ఆర్ ఉండే గుర్తు మాత్రం సర్టిఫికెట్ రాకముందు వేయడం చట్టరీత్యా తప్పు.

ఏజెంటు ద్వారా వేసినా దరఖాస్తు నంబరు తీసుకుని నెలకోసారి మీరే స్టేటస్ చూడండి. అది ‘అబ్జెక్టెడ్’ అని మారగానే తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తాయి, మీ బ్రాండు పోతోంది, ఈ రాత్రికే డబ్బు కట్టమని. టెన్షన్ పడకండి. రిపోర్టు డౌన్‌లోడ్ చేసి, దాని మీద తేదీ చూసి, 30 రోజులు లెక్కపెట్టుకోండి.