హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంత దూరం? ఎన్ని గంటలు?

"అమ్మానాన్నలు మొదటిసారి డల్లాస్ వస్తున్నారు. దుబాయ్ మీదుగా టికెట్ తీస్తే మరీ చుట్టుదారి అవుతుందా?" వేసవి దగ్గరపడేసరికి ఇక్కడి కొత్తవాళ్లు అడిగే ప్రశ్న ఇది.

శంషాబాద్ నుంచి డల్లాస్ విమానాశ్రయానికి సూటిగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ మీది పటం చూస్తే ఈ దారి యూరప్ మీదుగా పోతుందనిపిస్తుంది. గ్లోబు మీద దారం పట్టి లాగి చూడండి, దాదాపు ఉత్తర ధ్రువాన్ని తాకుతూ పోతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు మరి! అయితే అలా నేరుగా ఎగిరే విమానం లేదు కనుక, టికెట్ కొనేటప్పుడు ఆ లెక్క అక్కరకు రాదు.

దుబాయ్ మీదుగా వస్తే 2,550, 12,950 కలిపి సుమారు 15,500 కిలోమీటర్లు. లండన్ మీదుగా వస్తే దాదాపు 15,400. చుట్టుదారి అన్న దిగులే వద్దు. ఎటు వచ్చినా గాలిలో ఉండేది 20, 21 గంటలు. తేడా అంతా ఆ గంటలు ఎలా విడిపోతాయన్న దాంట్లోనే. దుబాయ్ దారిలో మొదట నాలుగు గంటలు, తర్వాత ఏకబిగిన పదహారు. లండన్ దారిలో కాస్త అటూ ఇటూగా చెరి సగం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకైతే నా ఓటు రెండోదానికే. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కనుక గంటకు పైగా కలిసొస్తుంది.

టికెట్ మీద వేసే సమయాలన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర. సోమవారం ఉదయం 10కి హైదరాబాద్‌లో బయలుదేరి, మజిలీతో కలిపి 24 గంటలు ప్రయాణించినా, జనవరిలో అయితే సోమవారం రాత్రి 10:30కే దిగుతారు. "పన్నెండు గంటలేనటగా" అని మీ నాన్నగారు సంబరపడితే ముందే చెప్పి ఉంచండి!

ఇక అసలు సంగతి మజిలీ. గంటన్నర వ్యవధి చూసి మురిసిపోవద్దు. చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లకు అది చాలదు, మూడు నాలుగు గంటలుండాలి. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఎవరూ జవాబుదారీ కారు. న్యూయార్క్‌లాంటి చోట దిగి మళ్లీ ఎక్కే టికెట్ చవకగా కనిపిస్తుంది కానీ, అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ ముగించి, సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. అరవై దాటినవాళ్లను ఆ హడావుడిలోకి తోయకండి. అబుదాబిలో అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తవుతుంది. ఆ దారిన వచ్చేవాళ్లకు అక్కడ వ్యవధి ఇంకా ఎక్కువ కావాలి, ఇక్కడ మాత్రం దిగగానే బయటపడొచ్చు.

ఇన్సులిన్, రోజూ వేసుకునే మందులు చేతిసంచిలోనే ఉండాలి. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోకి. చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గరే వదులుకోవాలి.