రాడ్ పట్టబోతున్న అల్లుడికి

ఎర్రగుంట్ల

అల్లుడూ,

ఐటీఐలో వెల్డర్ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. "ఏడాది కోర్సే కదన్నా, ఇట్టే అయిపోతుంది" అంటోంది. సర్టిఫికెట్ ఏడాదికి వస్తుంది. నా చెయ్యి నిలకడగా ఆడడానికి మాత్రం మూడేళ్లు పట్టింది.

మొదట్లో వెల్డింగ్ రాడ్ ఇనప ప్లేటుకు అతుక్కుంటూనే ఉంటుంది, సిగ్గుపడొద్దు. కరెంటు చాలకపోయుంటుంది, లేదా భయపడి రాడ్ మరీ నొక్కి ఉంటావు. 3.15 మిల్లీమీటర్ల రాడ్‌కు 90 నుంచి 130 ఆంపియర్ల దాకా పెట్టొచ్చు, నువ్వు 110తో మొదలుపెట్టు. తర్వాత చెవి ఒగ్గి విను. ఆర్క్, అంటే రాడ్ కొసన వెలిగే మెరుపు, కుదిరితే బాణలిలో బజ్జీలు వేగినట్టు ఒకే తీరుగా చిటపటలాడుతుంది. పటపటా పేలుతుంటే రాడ్ ఎత్తి పట్టుకున్నావని లెక్క.

ముఖానికి అడ్డం పెట్టుకునే షీల్డ్ అద్దంలోంచి చూస్తే కళ్లు మెరుపు మీదికే పోతాయి. దాని వెనకాల కరిగిన ఇనుము చిన్న మడుగులా కదులుతుంటుంది, చూడాల్సింది దాన్ని. ఆ మడుగు రెండు అంచులనూ పట్టుకుందా లేదా? పట్టుకోకపోతే పైన బీడ్, అంటే అతుకు గీత, ఎంత ముద్దుగా ఉన్నా లోపల అతకనట్టే. ఇది నాకు ఒక ఫ్యాక్టరీని రిపేర్లకు ఆపిన షట్‌డౌన్‌లో తెలిసొచ్చింది. పైపు జాయింట్లు చూసి మురిసిపోయాను. ఎక్స్‌రేలో ఏడింటికి రూట్, అంటే అతుకు అడుగు భాగం, కలవలేదని తేలింది. తెల్లవార్లూ గ్రైండర్‌తో నేను వేసినవి నేనే కోసుకున్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

టాకే కదా, చిన్న చుక్క అతుకే కదా అని షీల్డ్ లేకుండా కొట్టొద్దు. పొద్దున ఏమీ అనిపించదు. రాత్రి పదకొండుకు కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. పక్కన పట్టుకునేవాడికీ అంతే, వాడికీ అద్దం ఇవ్వు. టెరీకాటన్ చొక్కా వద్దు, నూలుదే తొడుగు. జీఐ పైపు, అంటే జింకు పూత పైపు, వస్తే పై పూత గ్రైండ్ చేశాకే వెల్డ్ చెయ్యి. ఆ తెల్ల పొగ పీల్చిన రాత్రి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందంటారు, నమ్మి కూర్చోకు.

సెలవుల్లో గేట్లు, గ్రిల్స్ షాపులో చేరు, చెయ్యి తిరుగుతుంది. అక్కడే ఉండిపోకు. మన చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటుంది. పైపు పని వచ్చినవాడికి రేటు వేరు. ఆ పనికి పిలిచేవాళ్లు 6జీ టెస్టు పెడతారు. పైపును 45 డిగ్రీలకు వాల్చి బిగిస్తారు, దాన్ని కదపకూడదు. చుట్టూ నువ్వే తిరగాలి, కింది భాగం వెల్డ్ చేసేటప్పుడు రవ్వలు మెడలో పడతాయి. ఆ టెస్టు పాసయ్యేదాకా కువైట్ ఏజెంటుకు రూపాయి కట్టొద్దు. మీ నాయనతో నేను మాట్లాడతాలే.

దసరాకు రా. నా పాత షీల్డ్‌కు కొత్త అద్దం వేయించి, నాలుగు పైపు ముక్కలు కోసి పెడతాను.

మీ మామ