స్పోర్ట్స్ కారును వదులుకోవలసి వస్తే...

ప్రశ్న: మాది అనంతపురం. పామిడి దారిలో చీనీ తోట ఉంది. 2012లో రిజిస్టరైన బీఎండబ్ల్యూ జడ్‌4 కారును కొన్నేళ్ల క్రితం ఎంతో ముచ్చటపడి కొనుక్కున్నాను. రెండే సీట్లు, మూడు లీటర్ల టర్బో ఇంజను. మీట నొక్కితే పైకప్పు మడుచుకొని డిక్కీలోకి వెళ్లిపోతుంది. నా భార్యకు మోకాళ్ల నొప్పులు రావడంతో అంత కిందికి ఉన్న సీటులో కూర్చొని లేవలేకపోతోంది. బండి ఎక్కువగా షెడ్డులోనే ఉంటోంది. బెంగళూరు నుంచి ఒకరు మంచి ధరకు అడుగుతున్నారు. మా చెల్లెలి కొడుకేమో "బయటివాళ్లకెందుకు మామా, నాకివ్వు, డబ్బు నిదానంగా ఇస్తాను, ఆర్‌సీ తర్వాత మార్పించుకుందాం" అంటున్నాడు. వాడికిస్తే కారు నా కళ్ల ముందే ఉంటుందన్న ఆశ నాది. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు, అనంతపురం

జవాబు: అమ్మాలా వద్దా అన్నది మీ ఉత్తరంలో పైకి కనిపించే ప్రశ్న, అసలు చిక్కు మాత్రం మీ మేనల్లుడి మాటలో ఉంది. ఉంచుకుంటే పూర్తిగా ఉంచుకోండి, ఇస్తే పూర్తిగా ఇచ్చేయండి. బండి అతని వాకిట్లోనూ ఆర్‌సీ మీ పేరునా ఉండే ఏర్పాటు మాత్రం వద్దే వద్దు.

ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం వారినే యజమానిగా చూస్తుంది. ఒకరి తర్వాత ఒకరుగా పలువురి చేతులు మారిన కారు ప్రమాదానికి కారణమైన ఒక కేసులో, రికార్డులో పేరు మారనంత వరకు పరిహారం బాధ్యత పాత యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. మీ కారు ఇంజను శక్తి మూడు వందల హార్స్‌పవర్‌కు పైమాటే. వయసులో ఉన్న కుర్రవాడు దానిని 44వ నంబరు జాతీయ రహదారి మీద తోలుతుంటే, పైసా చేతికి రాని మీరు ఇంట్లో కూర్చొని దాని బాధ్యత మోయవలసి ఉంటుంది.

కళ్ల ముందు ఉంటుందన్న ఆశ గురించి కూడా కాస్త నిష్ఠురంగానే చెబుతాను. సప్తగిరి సర్కిల్ దగ్గర ఆ కారు బంపరు గీరుకుపోయి, దుమ్ము కొట్టుకొని కనిపిస్తే మీరు చూసి ఊరుకోలేరు. ఎందుకు కడగలేదని అడుగుతారు, టైర్లలో గాలి చూశావా అని అడుగుతారు. అతను రెండుసార్లు వింటాడు. మూడోసారి వెళ్లి మీ చెల్లెలితో చెబుతాడు. అతనికే ఇవ్వాలనుకుంటే ధర తగ్గించండి, తప్పులేదు; కానీ డబ్బు, పేరు మార్పు ఒకేసారి జరగాలి, ఆ తర్వాత ఆ బండి గురించి మీరు మాట్లాడకూడదు. ఇందులో రెండోదే మీకు కష్టమని నా అనుమానం.

ఇక ఉంచుకోవడం సంగతి. తోలకుండా నిలబెట్టిన బండి భద్రంగా ఉన్నట్టు కాదు. బ్యాటరీ దిగిపోతుంది, నేలకు ఆనినచోట టైర్లు అణగిపోతాయి, ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. మన ఎండకు పైకప్పు అతుకుల దగ్గరి రబ్బరు బీటలు వారుతుంది. ఒకసారి టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చూడండి: 2318 అని ఉంటే అది 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పైన గాట్లు ఎంత లోతుగా ఉన్నా అంత పాత టైరు మీద వేగంగా వెళ్లడం క్షేమం కాదు. దీనికి తోడు 2027తో మీ రిజిస్ట్రేషనుకు పదిహేనేళ్లు నిండుతాయి. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. విదేశంలో తయారై వచ్చిన కార్లకు ఆ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 40,000 రూపాయలు చేశారు. మీ జడ్‌4 జర్మనీలో తయారై వచ్చినదే.

ఇవన్నీ చూస్తే బెంగళూరు మనిషికే ఇవ్వమని నా సలహా. ఈ రకం బండి తెలిసిన మెకానిక్కులు మనకంటే అక్కడ ఎక్కువ. పైగా అడుగుతున్న మనిషికి తోలాలన్న కోరిక ఉంది. కారు పొరుగు రాష్ట్రానికి వెళుతుంది కనుక ముందు మన ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకోవాలి. అమ్మిన 45 రోజుల్లోగా ఆ సమాచారం రవాణా శాఖకు చేరాలి. అమ్మకం తెలిపేది ఫారం 29, పేరు మార్పుకు ఫారం 30. బ్యాంకు అప్పు తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు మిగిలి ఉంటే ఫారం 35తో తీయించండి. కొనేది వ్యక్తి కాక పాత కార్ల వ్యాపారి అయితే, అతను రవాణా శాఖ అనుమతి పొందినవాడేనా అని చూసి, బండి అప్పగించినట్టు ఫారం 29సి దాఖలు చేయించుకోండి.

అప్పగింత రసీదులో తేదీతో పాటు గంట కూడా రాయించండి; ఆ సాయంత్రమే హైవే కెమెరాకు చిక్కితే చలానా ఎవరిదో తేలుతుంది. ఫాస్టాగ్ మూయించండి. క్లెయిము లేని ఏళ్లకు బీమాలో మీకు దక్కిన నో క్లెయిమ్ బోనస్ కారుతో పోదు, మీతోనే ఉంటుంది. కంపెనీ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోగా కొనే మరో కారుకు వాడుకోవచ్చు. ఏజెంటు ఈ సంగతి తనంతట తాను చెప్పడం అరుదు. సొంత వాడకానికి ఉంచుకున్న కారు కనుక అమ్మగా వచ్చిన సొమ్ముపై మూలధన లాభాల పన్ను ఉండదు. పైకప్పు ఎక్కడైనా మొరాయిస్తుంటే దాచవద్దు, కొనేవారి ముందే రెండుమూడుసార్లు తెరిచి మూసి చూపించండి.

ప్రశ్న: ఇటీవల చనిపోయిన మా నాన్నగారి స్పోర్ట్స్ కారును అమ్మదలిచాం. ఆయన పేరుమీదే నేరుగా అమ్మవచ్చా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: కుదరదమ్మా. ముందుగా ఫారం 31తో వారసుల్లో ఒకరి పేరుకు మార్పించుకోవాలి. మరణించిన 30 రోజుల్లోగా ఆర్‌టీఓకు తెలియజేస్తే మూడు నెలల వరకు ఆ బండిని వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోనే దరఖాస్తు కూడా చేయాలి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల నిరాక్షేపణ పత్రాలు సిద్ధంగా ఉంచుకోండి. ఆయన సంతకం ఉన్న ఖాళీ ఫారాలు బీరువాలో దొరికాయని ఎవరైనా తెస్తే, వాటిని మాత్రం వాడకండి.