గింజల కుకీలు మర్నాటికే మెత్తబడుతున్నాయా? వాటిని చెక్కలనుకుని చెయ్యండి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ అడిగారు: మైదా, పంచదార లేకుండా గోధుమపిండి, బెల్లం, నాలుగు రకాల గింజలతో పల్చటి కుకీలు చేస్తున్నాను, ఓవెన్‌లోంచి తీసిన గంటకి కరకరలాడుతున్నాయి, మర్నాడు పొద్దున పిల్లల బాక్సులో పెట్టేసరికి నానిన అప్పడంలా వంగుతున్నాయి, ఎక్కడ తప్పు జరుగుతోంది?

మీ తప్పేం లేదండీ, మీరు చూసిన వీడియో తప్పు కూడా కాకపోవచ్చు. ఆ వీడియో చేసినావిడ వంటింట్లో గాలి వేరు, మన కృష్ణ ఒడ్డున గాలి వేరు, అంతే. నేను విజయవాడ సింగ్ నగర్‌లో ఉంటాను. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు అందరిలాగే ఉత్సాహపడి జొన్నపిండి, రాగిపిండి డబ్బాలు నింపేసుకుని, అవి అయిపోయే దారి లేక ఈ కుకీలు మొదలుపెట్టాను. మొదటి ఏడాది చేసినవన్నీ మీవాటిలాగే వంగాయి. మా అబ్బాయి ఒకటి తీసి రెండు చేతులతో గుండ్రంగా చుట్టి చూపించాడు కూడా, చాపలాగా.

ముందు బెల్లం సంగతి చెప్తాను, సగం పైన దోషం దానిదే. బెల్లంలో పంచదారలో ఉండే చక్కెరే కాకుండా కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి, వీటికి గాల్లో తేమని లాక్కునే గుణం ఎక్కువ. వానాకాలంలో బెల్లం డబ్బా మూత పెట్టటం మర్చిపోతే పైనంతా చెమ్మ చేరి జిగురు జిగురుగా అవటం మీరు చూసే ఉంటారు, అదే బెల్లం కుకీలో ఉన్నా అదే పని చేస్తుంది, ఓవెన్‌లో పెట్టాం కదా అని ఊరుకోదు. తేనె, ఖర్జూరం ముద్ద అయితే ఇంకా దారుణం. పంచదార అలా కాదు, పిండిలో తడికి కరిగి, ఓవెన్‌లో ఆ తడి పోయాక చల్లారేటప్పుడు గాజులా గట్టిపడుతుంది, పల్చటి కుకీ టక్కున విరగటానికి అది కావాలి. అందుకని నేను 40 గ్రాముల పంచదార పొడికి 20 గ్రాముల బెల్లం కలుపుతాను, బెల్లం రంగుకీ రుచికీ మటుకే. పంచదార మానేశానని మీరు రాశారు కాబట్టి ఇది నచ్చకపోవచ్చు. కానీ నన్నడిగితే రుచి, ఏవో కాసిని ఖనిజాలు తప్పిస్తే బెల్లమూ చక్కెరే. షుగర్ ఉన్న మా పక్కింటాయనకి 'బెల్లంతో చేశానండీ, తినొచ్చు' అని నాలుగు పెట్టి వాళ్ళావిడ చేత బాగా చీవాట్లు తిన్నాను, ఆవిడ అన్నది న్యాయమే. బెల్లమే కావాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేసుకోండి, వానల్లో మటుకు రెండు రోజుల్లో తినేసేటన్ని చాలు.

ఇక రెండో సంగతి, నాకు దారి చూపించింది మా అత్తగారు. ఆవిడది తెనాలి. నేను వెన్న నురగొచ్చేలా గిలక్కొట్టి, అందులో పిండి కలుపుతూ నానా హైరానా పడుతుంటే కాసేపు చూసి, 'ఇవి చెక్కలే కదయ్యా, చెక్కలకి వెన్న గిలక్కొడతారా ఎక్కడైనా' అన్నారు. నిజమే మరి. మన చెక్కలు ఎందుకు అంత గుల్లగా వస్తాయి? బియ్యప్పిండి, అందులో కాచి పోసిన నూనో నెయ్యో, పల్చగా వత్తటం, లోపల నీరంతా పోయేదాకా సన్న సెగ మీద వేగనివ్వటం. కుకీకీ ఇవే కావాలి, నూనె మూకుడు బదులు ఓవెన్ అంతే. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్ళే ఉంటాయి, నెయ్యిలో దాదాపు ఉండవు. గిలక్కొట్టిన వెన్నలో గాలి చేరి కుకీ పొంగుతుంది, మనకి పొంగటం అక్కర్లేదు. బేకింగ్ పౌడరు కూడా అందుకే మానేశాను.

ఇప్పుడు నేను చేసే కొలత చెప్తాను. గోధుమపిండి 70 గ్రాములు, జొన్నపిండి 30, బియ్యప్పిండి 20, నెయ్యి 50, తీపి పైన చెప్పిన 60, గింజలన్నీ కలిపి 110 గ్రాములు, ఉప్పు పావు స్పూను, రెండు యాలక్కాయల పొడి. గింజల్లో నువ్వులు 40, గుమ్మడి గింజలు 30, పొద్దుతిరుగుడు 30, అవిసె గింజలు 10. కలపటానికి ఒక గుడ్డు తెల్లసొన. పచ్చసొన మటుకు వెయ్యొద్దు, మెత్తదనం దానితోనే వస్తుంది. గుడ్డు తినని ఇంట్లో రెండు మూడు స్పూన్ల చన్నీళ్ళు చాలు, కాస్త పెళుసుగా వస్తాయి గానీ బానే ఉంటాయి. కప్పులతో కొలవకుండా వంద గ్రాములైనా తూచే చిన్న త్రాసు కొనుక్కోండి, ఇంత పల్చటివాటికి ఒక స్పూను నీళ్ళు ఎక్కువైనా తేడా తెలిసిపోతుంది.

జొన్నపిండికి జిగురుండదు, నొక్కితే అంచులు పగులుతాయి. జొన్నరొట్టెకి వేణ్నీళ్ళు పోస్తాం చూడండి, దానికి దగ్గరగా ఇక్కడ నెయ్యి బాగా వేడిచేసి ముందు జొన్నపిండి మీద పోసి స్పూనుతో కలిపి పక్కన పెట్టేస్తాను. పూర్తిగా చల్లారాక మిగతా పిండి, తీపి, గింజలు, చివర్న తెల్లసొన. వేడి మీద సొన పోస్తే అది ఉడికి తునకలైపోతుంది, ఒకసారి అయింది నాకు. ముద్ద గట్టిగా, పొడిపొడిగా ఉండి పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి. మే నెలలో అయితే నెయ్యి కరిగి ముద్ద జారిపోతుంది, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే దారికొస్తుంది.

గింజల దగ్గర నేను చేసిన తప్పులు రెండు. ఒకటి, కమ్మగా ఉంటాయని నువ్వుల్ని ఎర్రగా వేయించి కలిపాను, అవి ఓవెన్‌లో మళ్ళీ వేగి చేదెక్కాయి. నువ్వులు పచ్చివే వెయ్యండి, 2 మిల్లీమీటర్ల కుకీలో వాటంతట అవే వేగిపోతాయి. అవిసె, గుమ్మడి మటుకు చిటపటమనేదాకా దోరగా వేయించి, గుమ్మడి గింజల్ని కత్తితో రెండు మూడు ముక్కలు చేసుకోవాలి, లేకపోతే వత్తేటప్పుడు గింజ లేచి దాని చుట్టూ చిల్లు పడుతుంది. రెండోది చియా. మీ నాలుగు రకాల్లో చియా ఉందో లేదో రాయలేదు గానీ, ఉంటే తీసెయ్యండి. అది తన బరువుకి పదింతల దాకా నీళ్ళు పీల్చి జిగురు కడుతుంది, ఆ జిగురు ఒక పట్టాన ఆరదు. పానీయాల్లో వేసుకోండి, అక్కడ బావుంటుంది. ఇంకోమాట, గింజలు ఎక్కడ కొన్నా, మీకు పట్నం బజార్ దగ్గరే కాబట్టి అక్కడైనా సరే, నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలి కొనండి. అవిసె గింజల్లో నూనె తొందరగా పాడవుతుంది. నేను ఒక దుకాణంలో అరకిలో కళ్ళు మూసుకుని తెచ్చి వాడితే కుకీలన్నీ పాత నూనె వాసన కొట్టాయి, పైగా గింజలు మిగిలాయి కూడా. తెచ్చినవి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

వత్తటానికి పూరీ ప్రెస్సే వాడతాను. పెద్ద గోళీకాయంత ఉండ, అంటే పది గ్రాములు, రెండు కవర్ల మధ్య పెట్టి నొక్కితే అరచేతిలో పట్టేంత బిళ్ళ అవుతుంది. పై కొలతకి 35 దాకా వస్తాయి. నేను లెక్కేసుకుంటే ఒక్కోటి 50 కేలరీల దగ్గర తేలింది, గింజలు కదా అని డబ్బా ఒళ్ళో పెట్టుకుని తినేవి కావు (తింటాననుకోండి, అది వేరే సంగతి). ట్రేలో పెట్టాక ఫోర్కుతో నాలుగు చోట్ల గుచ్చండి, లేకపోతే పూరీలా బుడగ లేస్తుంది. కింద వేసే కాగితం కూడా చూసుకోండి, షాపులో బేకింగ్ పేపర్ అడిగితే చాలామంది బటర్ పేపర్ ఇచ్చేస్తారు, రెండూ ఒకటి కాదు, బటర్ పేపర్‌కి బిళ్ళ అతుక్కుని చిరుగుతుంది. సిలికాన్ పూత ఉన్నది కావాలని నోరు తెరిచి అడగండి.

ఓవెన్ గురించి ఎక్కువ రాయాలి, ఏమీ అనుకోకండి. నా మొదటి ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో పోయింది. సింగ్ నగర్ ఎలా మునిగిందో టీవీల్లో చూసే ఉంటారు. ఫ్రిజ్, వాషింగ్ మిషన్‌తో పాటు అదీ బురదలో తేలింది. రెండు నెలల తర్వాత అదే సైజుది కొత్తది కొని, అదే కొలత, అదే 160 డిగ్రీలు పెడితే పన్నెండో నిమిషానికి అంచులు బొగ్గు, మధ్యలో మెత్తన. అప్పుడు తెలిసింది నాకు, డయల్ మీద అంకె వేరు, లోపల వేడి వేరు అని. ఓవెన్ థర్మామీటరు ఉంటే మంచిదే, లేకపోతే ఒక పని చెయ్యండి. పంచదార కరిగేది సుమారు 186 డిగ్రీల దగ్గర. చిన్న ఫాయిల్ ముక్క మీద చెంచాడు పంచదార పోసి, ఓవెన్ బాగా వేడెక్కాక 175లో పావుగంట పెట్టండి. కరిగిందంటే మీ ఓవెన్ చెప్పేదానికన్నా ఎక్కువ మండుతున్నట్టు. తర్వాత 190లో పెట్టి చూడండి, అప్పటికీ కరగకపోతే తక్కువ. నాది 160 అంటే ఎక్కడో 185 దగ్గరుంది, ఇప్పుడు డయల్ 130 మీద పెట్టుకుని చేస్తున్నాను.

నిజమైన వేడి 150, 155 మధ్య ఉండాలి, మధ్య అరలో, పైనా కిందా రెండు కడ్డీలూ వేసి, 18 నుంచి 22 నిమిషాలు. సగంలో ట్రే ముందుది వెనక్కి తిప్పండి. నల్ల ట్రే అయితే అడుగు తొందరగా మాడుతుంది, అల్యూమినియం ట్రే నిదానం. అంచులు బంగారు రంగుకి తిరగ్గానే తీసెయ్యాలని చెయ్యి లాగుతుంది చూడండి, మీరు బహుశా అక్కడే తీసేస్తున్నారు. మధ్యలో తడి ఇంకా అలాగే ఉంటుంది, గంటలో అది అంచులకి పాకుతుంది, మర్నాటికి మొత్తం వంగుతుంది. అందుకని ఓవెన్ ఆపేసి, తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టి, ఇంకో పావుగంట లోపలే వదిలెయ్యండి. పల్చటివాటికి రంగు కన్నా ఈ ఆరటమే ముఖ్యం.

తీశాక పళ్ళెంలో పెట్టొద్దు, కింద ఆవిరి పట్టి చెమరుస్తాయి. మా ఇంట్లో పిండి జల్లెడ బోర్లించి దాని మీద పరుస్తాను. చల్లారగానే డబ్బాలో పెట్టెయ్యాలి, ఆగస్టులో ఫ్యాన్ కింద పెట్టి సీరియల్ చూసి వచ్చేసరికి నెమ్మెక్కిపోయాయి ఒకసారి. వేడి మీద మూత పెట్టినా అదే గతి. ముట్టుకుంటే చల్లగా ఉండాలి, అంతకు మించి ఆగొద్దు. మన స్టీలు డబ్బాల మూత గాలి ఆపదు, రబ్బరు వాషరు ఉన్న గాజు సీసా వాడండి, అడుగున వేయించి చల్లార్చిన బియ్యం చిన్న గుడ్డలో మూట కట్టి వేస్తే ఇంకొన్ని రోజులు నిలుస్తాయి. ఫ్రిజ్‌లో మటుకు పెట్టకండి, బయటికి తియ్యగానే చల్లటి కుకీ మీద గాల్లో తేమ నీరు కడుతుంది. ఇలా చేస్తే మా ఇంట్లో జులైలో కూడా పది రోజులు విరిగాయి, పదకొండో రోజు చెప్పలేను, అప్పటికి ఉండవు.

ఇప్పుడు మీ దగ్గర వంగిపోయినవి ఉన్నాయి కదా, పారెయ్యకండి. 120 డిగ్రీల్లో ఎనిమిది, పది నిమిషాలు పెట్టి జల్లెడ మీద ఆరబెట్టండి. బెల్లం ఎక్కువ కాబట్టి మళ్ళీ సాయంత్రానికి మెత్తబడతాయి, పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళకి చేస్తే సరిపోతుంది. పంచదార పరీక్షలో మీ ఓవెన్ ఎంత చూపించిందో రాయండి, దాన్ని బట్టి డయల్ ఎక్కడ పెట్టాలో చూద్దాం.