టైప్ 3ఏ అంటే మూడో స్టేజీ కాదు

పిత్తనాళాల (కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే గొట్టాల) క్యాన్సర్ రిపోర్టులో "బిస్మత్ టైప్ 3ఏ" అని ఉంది, అంటే మూడో స్టేజీయా, ఇక ఆపరేషన్ లేనట్టేనా అని అడిగారు. కాదండీ. నాలుగేళ్ల కింద మా నాన్న రిపోర్టులో అదే మాట చూసి నేనూ రెండు రాత్రులు నిద్రపోలేదు. డాక్టర్ని కాను, మాకు జరిగింది చెప్తున్నా.

ఆ టైప్ గడ్డ ఎక్కడుందో చెప్పే అడ్రసు, అంతే. మా సర్జన్ స్కాన్ కవరు వెనకాల పెన్నుతో పంగలకర్ర గీసి చూపించారు: పై రెండు కొమ్మలు కాలేయం కుడి ఎడమల నుంచి వచ్చే పిత్తనాళాలు, కింద కాడ అవి కలిశాక వచ్చేది. గడ్డ కాడలోనే ఉంటే 1, పంగ దగ్గరుంటే 2, కుడి కొమ్మలోకి పాకితే 3ఏ, ఎడమలోకైతే 3బి, రెండిట్లోకీ పాకితే 4. (కాలేయం లోపల వచ్చేది, కింద పాంక్రియాస్ దగ్గర వచ్చేది వేరే రకాలు, వాటి ఆపరేషన్లూ వేరు.)

ఆపరేషన్ కుదురుతుందా అన్నది గడ్డ కంటే, తీసేశాక మిగిలేదాన్ని బట్టి తేలుతుంది. 3ఏ అంటే మామూలుగా కుడివైపు కాలేయం పోతుంది, కాబట్టి ఎడమవైపు నాళం, పోర్టల్ వెయిన్ (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర), ఆర్టరీ (ధమని) బాగుండాలి, సైజూ సరిపోవాలి. ఆరోగ్యమైన కాలేయమైతే 20-25 శాతం మిగిలినా నడుస్తుంది, కామెర్లతో దెబ్బతిన్నదానికి 30-40 కావాలి. నాన్నకి ఎడమవైపు 27 శాతమే వచ్చింది. అందుకని ముందు ఎడమవైపు నిలిచిపోయిన పైత్యరసం బయటికి తీసి బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) తగ్గించారు, తర్వాత కుడి పోర్టల్ వెయిన్ మూసేశారు, అలా చేస్తే రక్తం ఎడమకి మళ్లి అది పెరుగుతుందట. పెరిగింది కూడా, నెల తర్వాత 38! ఆపరేషన్ రోజు మొదట కెమెరాతో పొట్టలోపల చూస్తాం, ఎక్కడికైనా పాకి ఉంటే అక్కడితో ఆపేస్తాం అని ముందే చెప్పారు. ఆ అరగంట టెన్షన్ మాటల్లో చెప్పలేను. అదృష్టం, ఏమీ లేదు.

మేం దెబ్బతిన్నది ఒకచోట. మొదట వెళ్లిన ఆసుపత్రిలో సరైన స్కాన్ చేయకుండానే స్టెంట్ (మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేసేశారు, దాంతో తర్వాతి స్కాన్లో గడ్డ ఎంతవరకు ఉందో సరిగా తెలియలేదు, పైగా ఇన్ఫెక్షన్, మూడు వారాలు పోయాయి. మీకింకా స్టెంట్ పడకపోతే సీటీ, ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్) ముందు చేయమని అడగండి, చలి జ్వరం ఉంటే మాత్రం ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సీఏ 19-9 (రక్తంలో చూసే క్యాన్సర్ మార్కర్) ఎక్కువుందని కూడా కంగారు పడకండి, కామెర్ల వల్ల కూడా అది పెరుగుతుంది.

స్టెంట్ పడిందా లేదా, ఎడమ పోర్టల్ వెయిన్ గురించి రిపోర్టులో ఏం రాశారో చెప్పండి. ఈ ఆపరేషన్లు తరచూ చేసే లివర్ సర్జన్‌కి చూపించే ముందు ఏమేం అడగాలో నాకు తెలిసినంత రాస్తాను.