తేలని 701 కేసులంటే గ్రహాంతర నౌకలనా?

"బ్లూ బుక్ మూసేశాక కూడా 701 కేసులు తేలలేదంటే, అమెరికా వైమానిక దళం ఏదో దాచినట్టేగా?" అన్నారు మీరు. బ్లూ బుక్ అంటే ఆకాశంలో కనబడ్డ గుర్తు తెలియని వస్తువుల (UFO) మీద ఆ దళం నడిపిన విచారణ. ఆ 701 దానికొచ్చిన మొత్తం 12,618 కేసుల్లో భాగమండీ, అంటే ఆరు శాతం లోపు. పైగా 'తేలలేదు' అంటే తెలిసిన వస్తువు దేనితోనూ పోల్చలేకపోయారనే. నౌక అని తేల్చారని కాదు.

మిగతావాటిలో శుక్రగ్రహం, ఉల్కలు, బెలూన్లు, విమానాలే ఎక్కువ. శుక్రుడు మనతోపాటే వస్తున్నట్టు ఎందుకుంటాడంటే, దగ్గరి చెట్లు వెనక్కి పోతున్నా అంత దూరంలో ఉన్న చుక్క దిశ మారదు. 1952 జులైలో వాషింగ్టన్ రాడార్లలో కనబడ్డ చుక్కలకు వైమానిక దళం చెప్పిన కారణం వేరు: చల్లగాలి మీద వెచ్చటి గాలి పొర పడితే రాడార్ తరంగాలు నేలవైపు వంగి, కింది వస్తువులనే గాల్లో ఉన్నట్టు చూపిస్తాయి. కొందరు కంట్రోలర్లు ఇది ఒప్పుకోలేదు లెండి.

దాచడం అంటారా, దాచారు! 1947లో అమెరికాలోని రాస్వెల్ దగ్గర దొరికిన, గ్రహాంతర నౌకవని చాలామంది నమ్మే శకలాలు నిజానికి సోవియట్ అణుపరీక్షల శబ్దాన్ని పట్టేందుకు మోగల్ అనే రహస్య ప్రాజెక్టులో ఎగరేసిన బెలూన్లవని 1994లో వైమానిక దళమే చెప్పింది.