కారుకు చల్లగాలి ఎక్కడినుంచి తీసుకోవాలి?

ప్రశ్న: నా పెట్రోలు కారుకు వేరే ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజినుకు గాలి అందించే గొట్టం, ఫిల్టరు) వేయించాలనుకుంటున్నాను. ముందు బంపరు లోపల, ఫాగ్ ల్యాంపు వెనక ఉన్న ఖాళీలో ఫిల్టరు పెడితే గాలి చల్లగా అందుతుందని ఒక మెకానిక్ అంటున్నారు. బోనెట్ కింద ఇంజిను పక్కనే పెడితే చాలునని ఇంకొకరు చెబుతున్నారు. ఏది మేలు?
- ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మన ప్రాంతంలో తిరిగే కారుకు ఆ రెండు చోట్లూ తగవని నా అభిప్రాయం.

వేడెక్కిన గాలి పలచబడుతుంది. 30 డిగ్రీల గాలికంటే 60 డిగ్రీల గాలి సుమారు 9 శాతం పలచన కాబట్టి, సిలిండర్లకు చేరే ఆక్సిజనూ, దానితోపాటు ఇంజిను శక్తీ ఆ మేరకు తగ్గుతాయి. రేడియేటరును దాటి వచ్చే వేడిగాలి, ఇంజిను పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డు సెగ కలిసే చోట ఫిల్టరును తెరిచి పెడితే, రైల్వే గేటు దగ్గర ఇంజిను ఆపకుండా నిలబడినంతసేపూ అది పీల్చేది ఆ వేడినే. అలా పెట్టిన ఫిల్టరు గట్టిగా చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విని బండికి బలం పెరిగిందనుకునేవారు చాలామంది.

బంపరు లోపల గాలి చల్లగా ఉండే మాట నిజమే. కాని గెడ్డలు పొంగి రోడ్డెక్కే వానాకాలంలో ఆ చోటు ప్రమాదకరం. కారు నీటిలోకి దిగగానే ముందు అల లేస్తుంది కాబట్టి, నిలిచిన నీరు ఫిల్టరుకు జానెడు దిగువన ఉన్నా లోపలికి లాగేసుకోవచ్చు. నీరు గాలిలా నొక్కితే అణగదు. పైకి వచ్చే పిస్టను దానికి కొట్టుకుంటే పిస్టనును పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఇంజిను మొత్తం విప్పాల్సి వస్తుంది.

అందుచేత గొట్టం నోరు హెడ్‌లైటు వెనక, గ్రిల్లు పై అంచుకు దగ్గరగా, రేడియేటరుకు ముందున్న గాలిని అందుకునేలా ఉండాలి. ఫిల్టరు మూత ఉన్న పెట్టెలో ఉండాలి. ఒకసారి బోనెట్ ఎత్తి చూడండి. చాలా కార్లలో కంపెనీ గొట్టం నోరు సరిగ్గా అక్కడే ఉంటుంది. మీ కారులోనూ అలాగే ఉంటే, ముందుగా ఓబీడీ స్కానరు (కారు సెన్సర్ల రీడింగులు చూపే పరికరం) పెట్టించి, కారు వేగంగా నడుస్తున్నప్పుడు ఇంజినులోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రతను బయటి ఉష్ణోగ్రతతో పోల్చి చూడండి. తేడా కొద్ది డిగ్రీలే అయితే ఆ డబ్బు టైర్లకు ఖర్చు పెట్టుకోవడం మంచిది.

అయినా వేయించుకుంటే గొట్టంలో వంపులు తక్కువగా ఉండేలా చూసుకోండి. నూనె పూసే రకం ఫిల్టరైతే నూనె మితంగానే పూయించండి. ఎక్కువైతే గాలి కొలిచే సెన్సరుకు అంటుకుని రీడింగులు తప్పుతాయి.

ఇప్పటికే బంపరు లోపల పెట్టించుకున్నవారికి ఒక మాట. నీటిలో ఇంజిను ఆగిపోతే మళ్లీ తాళం తిప్పవద్దు. కారును బయటికి తోయించి, స్పార్క్ ప్లగ్గులు విప్పించి, సిలిండర్లలో నీరు లేదని నిర్ధారించుకున్నాకే స్టార్టు చేయించండి.